మారిషస్ దేని మీద బతుకుతోంది, దాన్ని ఎవరు ఎలా ఏలుతున్నారు?

అడిగిన ప్రశ్న ఇది: "12 లక్షల పైచిలుకు జనాభా ఉన్న మారిషస్ టూరిజం మీదా, పన్ను తప్పించుకునే డబ్బు మీదా బతుకుతోందంటారు, నిజమేనా? అక్కడ ప్రభుత్వం ఎలా ఉంటుంది?"

సగమే నిజం. ఆ రెండూ తర్వాత వచ్చినవి. ముందు చెరకు, ఆ చెరక్కి కారణం తుఫాను.

మడగాస్కర్‌కి తూర్పున 800 కిలోమీటర్ల దూరంలో, పాత అగ్నిపర్వతం మీద ఏర్పడిన దీవి ఇది. పొడవు 65, వెడల్పు 45 కిలోమీటర్లు. ఆగ్నేయ గాలులు ఏడాది పొడవునా మధ్య పీఠభూమికి కొట్టుకుంటాయి కాబట్టి అక్కడ కొన్నిచోట్ల 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన. కొండ అవతల రాజధాని పోర్ట్ లూయీ వైపు పడమటి తీరంలో వెయ్యి కూడా దాటదు. నేలంతా నల్లరాయి. పొలాల్లో ఏరి పోసిన రాళ్లు ఇప్పటికీ చెరకు మధ్యలో ఇంటెత్తు గుట్టలుగా కనిపిస్తాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. చెట్టు పంటలను పెద్ద గాలి కూలదోస్తుంది. చెరకు వాలిపోతుంది, విరుగుతుంది, కానీ మొదలు బతికే ఉంటుంది. నష్టం లేదని కాదు. 1960లో కారోల్ తుఫాను వచ్చిన ఏడాది చక్కెర సగానికి పైగా పడిపోయింది. కానీ మరుసటి ఏడు మళ్లీ నాటే పని ఉండదు. ఒకసారి నాటితే ఏడెనిమిదేళ్ల దాకా కార్శి తోటే, అంటే కోసిన మొదళ్ల నుంచి మళ్లీ మొలిచిన చెరకే, కోస్తారు.

కారోల్ తర్వాతే రేకుల ఇళ్లు పోయి కాంక్రీటు డాబాలు వచ్చాయి. తుఫాను హెచ్చరికలకు నాలుగు తరగతులున్నాయి. ఒకటోది 36 నుంచి 48 గంటల ముందు వస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల గాలి రావడానికి ముందు 12 గంటల పగటి వెలుగు ఉండేలా రెండోది, 6 గంటలు ఉండేలా మూడోది ఇస్తారు. ఆ వేగం నమోదై ఇంకా కొనసాగుతుందనుకున్నప్పుడు నాలుగోది. రెండోదానికే బడులు మూసేస్తారు. మూడోదానికి బస్సులు, ఆఫీసులు ఆగిపోతాయి. డిసెంబరు తర్వాత వెళ్లేవాళ్లు విమానం టికెట్టు కంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

ఇక డబ్బు సంగతి. 1975 నాటి చక్కెర ఒప్పందం కింద ఐరోపా ఏటా 5 లక్షల టన్నులకు పైగా చక్కెరను ప్రపంచ ధర కంటే బాగా ఎక్కువకు, హామీ ధరకు కొనేది. ఆ మిగులే హోటళ్లలోకీ బట్టల ఫ్యాక్టరీల్లోకీ వెళ్లింది. 1970లో ఎగుమతి జోన్ చట్టం చేసినప్పుడు గోడ కట్టి ఒక ప్రాంతాన్ని కేటాయించలేదు. ఫ్యాక్టరీ దీవిలో ఎక్కడ పెట్టినా రాయితీ వర్తించేది. అందుకే కుట్టుపని మిషన్లు ఊళ్లలోకి వచ్చాయి, పల్లెటూరి ఆడవాళ్లకు మొదటిసారి నెలజీతం దొరికింది. 2005లో ప్రపంచ బట్టల కోటాలు (ఏ దేశం ఎంత బట్ట ఎగుమతి చేయొచ్చో చెప్పే పరిమితులు) ఎత్తేశాక చైనాతో పోటీ తట్టుకోలేక చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 2006 నుంచి ఐరోపా చక్కెర ధరను 36 శాతం తగ్గించింది, 2009తో ఒప్పందమే పోయింది. ఒకప్పుడు ఇరవై ఉన్న చక్కెర మిల్లులు ఇప్పుడు మూడు.

ఆ మూడూ ఎలా నిలబడ్డాయో చూడండి. టన్ను చెరక్కి వంద కిలోల చక్కెర వస్తే, దాదాపు 300 కిలోల పిప్పి మిగులుతుంది. దాన్ని కాల్చి కరెంటు తీసి గ్రిడ్‌కి అమ్ముతారు. చిక్కల్లా గానుగ కాలం జూన్ నుంచి డిసెంబరు దాకానే ఉండటం. మిగతా నెలల్లో అవే బాయిలర్లలో దిగుమతి బొగ్గు వేస్తారు. కాబట్టి "చెరకు కరెంటు దేశం" అని రాసేవాళ్లు సగం ఏడాదే చూసినట్టు. తెల్ల చక్కెరతో పాటు డెమెరారా, మస్కొవాడో లాంటి ముదురు రంగు చక్కెరలు తయారుచేసి ఎక్కువ ధరకు అమ్ముకుంటారు.

మీరన్న పన్నుల సంగతి భారత్‌తో 1982లో కుదిరిన ఒప్పందంతో మొదలైంది. మారిషస్ కంపెనీ మన షేర్లు అమ్మి లాభం తీస్తే పన్ను వేసే హక్కు అప్పట్లో మారిషస్‌దే. అక్కడ ఆ లాభం మీద పన్నే లేదు. 2016లో సవరించారు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్లకు భారత్ పన్ను వేస్తుంది. 2020 ఫిబ్రవరి నుంచి 2021 అక్టోబరు దాకా, నల్లడబ్బు చలామణీ మీద కన్నేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ గ్రే లిస్టులో (లోపాలున్న దేశాల నిఘా జాబితాలో) ఉండటం కూడా దెబ్బే. ఆర్థిక సేవల రంగం కుంగలేదు గానీ, తేలిక డబ్బు రోజులు పోయాయి. కోవిడ్‌కి ముందు ఏటా సుమారు 14 లక్షల మంది టూరిస్టులు వచ్చేవారు. బియ్యం, గోధుమపిండి, పెట్రోలు దిగుమతే కాబట్టి డాలరు పెరిగితే వంటింట్లో వెంటనే తెలుస్తుంది.

పరిపాలన బ్రిటిష్ పార్లమెంటు పద్ధతి. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం, 1992లో అదే రోజున గణతంత్రం. అధికారం ప్రధానిది. అధ్యక్షుణ్ణి శాసనసభ ఎన్నుకుంటుంది. ఆస్తి, వారసత్వం లాంటివి ఫ్రెంచి సివిల్ కోడ్ ప్రకారం నడుస్తాయి, చివరి అప్పీలు మాత్రం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అనే బ్రిటిష్ కోర్టుకి. అసలు విశేషం ఎన్నికల్లో ఉంది. 20 నియోజకవర్గాలకు ముగ్గురేసి, దేశంలో భాగమైన చిన్న దీవి రోడ్రిగ్స్‌కి ఇద్దరు, మొత్తం 62 మంది. ప్రధాన దీవిలో ఓటరు కాగితం బ్యాలెట్ మీద ముగ్గురికీ గుర్తు పెట్టాల్సిందే. రెండు పెట్టినా నాలుగు పెట్టినా ఓటు చెల్లదు. ఎక్కువమంది ఒకే కూటమి ముగ్గురికీ వేసేస్తారు కాబట్టి కొద్ది తేడా కూడా మూడు సీట్లనూ ఒక పక్కకే తోసేస్తుంది. 1982, 1995, 2024ల్లో ప్రధాన దీవిలో 60-0 వచ్చింది ఇలాగే.

దీన్ని కొంత సర్దడానికి ఓడినవాళ్లలోంచి 8 మంది దాకా సభలోకి తీసుకునే పద్ధతి ఉంది. హిందూ, ముస్లిం, చైనీయ, జనరల్ (మిగతా అందరూ) అని నాలుగు వర్గాలు పెట్టి తక్కువ పడ్డవాళ్లకు సీటు ఇస్తారు. లెక్క మాత్రం 1972 జనాభాదే, ఆ తర్వాతి జనగణనల్లో వర్గం అడగడం మానేశారు. తెలుగువాళ్లు, తమిళులు, మరాఠీలు ఈ లెక్కలో హిందూ గంపలోనే పడతారు, విడిగా వాటా లేదు. ఉగాదికి దేశమంతా సెలవున్నా సరే, సభలో తెలుగు ముఖం ఉండాలంటే అది ఎన్నికల తర్వాత ఇచ్చే ఆ 8 సీట్ల వల్ల కాదు, టికెట్లు పంచేటప్పుడు పార్టీలు చూసుకుంటేనే.