ముందు మీ నాన్నతో మాట్లాడు, దవడ సంగతి తర్వాత

ఏలూరు దగ్గర పల్లెటూరు మాది, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాను అంటూ ఒక అమ్మాయి రాసింది. వయసు 26. కింది దవడ బాగా ముందుకొచ్చి ఉంటుంది, ముందు పళ్లు కలవవు, జామకాయ కొరకాలన్నా పక్క పళ్లతోనే. స్కూల్లో ‘గడ్డపార’ అని పిలిచేవాళ్లట. 15 నెలలుగా క్లిప్పులు పెట్టుకుంది, వచ్చే నెలలో దవడ ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. అమ్మకు తెలుసు, నాన్నకు తెలియదు. ఆ క్లిప్పులు వంకర పళ్లకేనని ఆయన అనుకుంటున్నారు. ఆఫీసువాళ్లు నెలన్నర ట్రైనింగ్‌కి బెంగళూరు పంపుతున్నారని ఇంట్లో చెప్పేసి, ఆపరేషన్ అయ్యాక హాస్టల్ గదిలోనే కోలుకోవాలని ఈ అమ్మాయి ప్లాన్. డబ్బు తక్కువైతే అమ్మ గాజులు తాకట్టు పెట్టి పంపింది. అడిగినవి రెండు: దేవుడిచ్చిన మొహం మార్చుకోవడం తప్పా? వాపు తగ్గి, నాన్న చూసినా ఆపరేషన్ అయిందని కనిపెట్టలేని విధంగా అవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

తల్లీ, నా కూతురి వయసుదానివి, నువ్వు అనే రాస్తాను.

మొదటి ప్రశ్న వదిలెయ్. నమలడానికి పళ్లు కలవనప్పుడు ఎముక సరిచేయించుకోవడంలో తప్పేముంది? పైగా ఆపరేషన్ కోసమనే 15 నెలలు పళ్లను నిటారుగా నిలబెట్టించుకున్నావు, దానివల్ల ఇప్పుడు గడ్డం మునుపటికంటే ఇంకా ముందుకొచ్చినట్టు కనిపిస్తూ ఉండాలి, అంత దూరం వచ్చాక తప్పా అని నన్నడగడమేమిటి? నిజంగానే అనుమానముంటే ఎక్స్‌రేలన్నీ పట్టుకుని అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లి ఇంకో డాక్టరుకి చూపించు. అది వాళ్లు తేల్చాల్సిన సంగతి.

రెండో ప్రశ్నకి నువ్వడిగిన లెక్కలో జవాబు చెప్పను. కోలుకోవడానికి ఎన్నాళ్లని అడిగితే చెబుతాను. దాచడానికి ఎన్నాళ్లని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పదో తరగతిలో ఏడుస్తూ ఇంటికొస్తే మీ నాన్న అన్న మాట రాశావు చూడు, ‘మా అమ్మదీ ఇదే దవడ, నాదీ ఇదే దవడ, మాకేం తక్కువైంది’ అని, పదేళ్లు దాటినా అది పొల్లుపోకుండా గుర్తుంది నీకు. ఆ రోజు నుంచి ఆయనకి మనసులో మాట చెప్పడం మానేశానని కూడా నువ్వే రాశావు. ఉద్యోగం మారితే అమ్మకే చెప్పావు, డెంగ్యూ వచ్చి ఆస్పత్రిలో పడుకుంటే అమ్మకే చెప్పావు. ఇప్పుడు పూర్తి మత్తిచ్చి చేసే ఆపరేషన్‌కి కూడా ఆయనకి చెప్పకుండా వెళ్లబోతున్నావు. నాకు దిగులు పుట్టించింది ఇదే.

ఆయన మాట నాకు వేరేగా వినిపించింది. మన నాన్నల్లో చాలామందికి ఓదార్చడం రాదు. పిల్లని దగ్గరికి తీసుకుని ‘ఎవరమ్మా ఆ మాటన్నది’ అని అడగాల్సింది, అది చేతకాక తన మొహాన్నీ, తల్లి మొహాన్నీ తెచ్చి నీ మొహం పక్కన పెట్టారు. మేమూ ఉన్నాం కదా అని చెప్పబోయారు. నీకు మాత్రం నోరు మూసుకోమన్నట్టు వినిపించింది. పదిహేనేళ్ల పిల్లకి అలాగే వినిపిస్తుంది, అందులో నీ తప్పేమీ లేదు. కానీ 26 ఏళ్లకి కూడా అదే మాట పట్టుకుని కూర్చోవడం నీకే మంచిది కాదు.

దవడ మార్పించుకుంటే నాన్ననీ నాయనమ్మనీ కాదన్నట్టు ఉంటుందేమో అని ఉత్తరం చివర్లో ఒక వాక్యం రాసి కొట్టేశావు. కొట్టేసినా కనిపించింది. ఇలాంటి దవడ వంశాల్లో దిగడం కొత్తేమీ కాదమ్మా. యూరప్‌లో హాబ్స్‌బర్గ్ రాజులకి తరతరాలుగా ఇదే దవడ, వాళ్లలో స్పెయిన్‌ని ఏలిన రెండో చార్లెస్ (1661-1700) తిండి సరిగా నమలలేకపోయేవాడని చెబుతారు. రాజై ఉండీ అతనికి దారి లేదు. నోటి లోపలి నుంచే కింది దవడ ఎముకని రెండు పక్కలా చీల్చి, జరిపి, మళ్లీ బిగించే పద్ధతిని ఒబ్వెగెసర్ అనే డాక్టరు తెచ్చింది 1950ల్లో. మీ నాయనమ్మకి ఆ వయసులో మీ ఊళ్లో ఎవరు చెప్పేవారు దీని గురించి? నీకు అందింది, చేయించుకుంటున్నావు. అందులో వాళ్లని కాదనడం ఏముంది?

ఇక కోలుకోవడం. మా చెల్లెలి కొడుక్కి రెండేళ్ల కిందట పైదీ కిందిదీ రెండు దవడలకీ చేశారు, పది రోజులు నేను దగ్గరున్నాను కాబట్టి చూసిందే చెబుతున్నాను. కోతలన్నీ నోటి లోపలే, బయట మచ్చ లేదు. మూడో రోజుకి వాపు కళ్ల కిందిదాకా వచ్చింది. పళ్లకి రబ్బర్లు బిగించారు, మాట రాదు, అద్దం చూసుకుని ‘పెద్దమ్మా, ఇది నేనేనా’ అని పలక మీద రాసి చూపించాడు. సిరంజితో రాగిజావ, పప్పుకట్టు, వడగట్టిన చారు, మజ్జిగ. రాత్రి రెండింటికి ఆకలని లేస్తే పాలల్లో ఇడ్లీ వేసి మిక్సీలో తిప్పి పట్టేదాన్ని. మూడు దిళ్లు పెట్టి కూర్చున్నట్టే పడుకోబెట్టాలి, ముక్కు బిగుసుకుపోయినా చీదకూడదు. వాంతి వస్తే రబ్బర్లు కత్తిరించడానికి చిన్న కత్తెర తలగడ పక్కనే ఉంచమన్నారు, మొదటి నాలుగు రాత్రులు నేనూ మా చెల్లెలూ వంతులేసుకుని మేలుకున్నాం. ఆరో రోజు రాత్రి గంటసేపు ఏడ్చాడు, ఎందుకు చేయించుకున్నానా అని. మొదటి వారాల్లో ఇలా దిగులు రావడం మామూలేనని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి మేం టెన్షన్ పడలేదు, పక్కన కూర్చున్నాం, అంతే. వాపు చాలావరకు మూడు వారాల్లో తగ్గింది, మొహం పూర్తిగా కుదురుకోవడానికి నెలలు పట్టింది. ఆరు వారాలు నమిలే తిండి లేదు, ఆరు కిలోలు తగ్గాడు. ఇంట్లో ముద్దపప్పు వాసన వస్తే గదిలోకెళ్లి తలుపేసుకునేవాడు. కింది పెదవీ గడ్డమూ మొద్దుబారి, మజ్జిగ కారినా తెలిసేది కాదు. ఇది చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత ఉండిపోతుంది, వాడికి గడ్డం మీద రూపాయి బిళ్లంత చోట ఇంకా స్పర్శ సరిగా లేదు. సంతకం పెట్టేముందు ఈ ఒక్క విషయం సర్జన్‌ని గుచ్చి గుచ్చి అడుగు.

ఇదంతా హాస్టల్ గదిలో, నైట్ షిఫ్టుకి వెళ్లిపోయే రూమ్మేట్‌ని నమ్ముకుని చేస్తావా? నాన్న రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తారని నువ్వే రాశావు కదా. మొదటి రోజుల్లో నీకు మాట పెగలదు. మూడు రాత్రులు నువ్వు ఫోన్ ఎత్తకపోతే నాలుగో పొద్దున ఆయన బెంగళూరు బస్సెక్కరని ఏమిటి నమ్మకం?

మీ అమ్మ మీద నాకు కోపం వచ్చింది, దాచుకోను. సంబంధాలు చూసేలోపు అయిపోవాలన్న తొందర ఆవిడది. కానీ మొగుడికి చెప్పకుండా గాజులు తాకట్టు పెడితే, రేపు బయటపడ్డప్పుడు మాటలు పడేది ఎవరు? ఆ గాజులు ముందు విడిపించి ఇంటికి చేర్చు. తేదీ వెనక్కి జరపమని డాక్టరుకి ఫోన్ చెయ్యి, ప్రాణం మీదికొచ్చిన ఆపరేషన్ కాదు, నీ జీతంలోంచి నాలుగైదు నెలలు కూడబెట్టు. ఆఫీసు ఇన్సూరెన్స్ వాళ్లని కూడా ముందే అడుగు, అందం కోసమంటే వాళ్లు ఇవ్వరు, నమలడానికి ఇబ్బందని డాక్టరు రాసిచ్చిన కాగితంతో అడిగి, జవాబు రాతలో తీసుకో. ఆపరేషన్ తర్వాత కూడా క్లిప్పులు కొన్ని నెలలుంటాయి, అవి తీసేదాకా పెళ్లిచూపులు పెట్టొద్దని అమ్మకి గట్టిగా చెప్పు. ఆ తర్వాత వచ్చినవాళ్లు అడిగితే చేయించుకున్నానని చెప్పు, ఆ మాటకే లేచిపోతే లేచిపోనీ.

నాన్నని పర్మిషన్ అడగమని నేననడం లేదు. నువ్వు పెద్దదానివి, ఆపరేషన్ కాగితాల మీద నీ సంతకం చాలు. ఆయన అరిచినా, పది రోజులు మాట్లాడకపోయినా చేయించుకో. కన్నవాళ్లు చెప్పిందల్లా వినాలని నేనెప్పుడూ నమ్మలేదు, వాళ్లని మోసం చేయకూడదని మాత్రం గట్టిగా నమ్ముతాను. అమ్మని రాయబారం పంపకు, ఫోన్లో కూడా వద్దు. ఈ శనివారం ఊరికి వెళ్లు. సాయంత్రం పెరట్లో ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, పక్కనుంచి తీసిన ఎక్స్‌రే ఆయన చేతికివ్వు. స్కూల్లో నిన్ను ఏమని పిలిచేవాళ్లో చెప్పు, ఆ పేరు ఆయన ఇంతవరకు విని ఉండరని నా అనుమానం. తర్వాత ఒక జామకాయ ఇచ్చి ముందు పళ్లతో కొరకమను. అరవై ఏళ్లుగా ఆయన కూడా పక్క పళ్లతోనే తింటున్నారేమో, ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?