సభలో ఒక మాట, కాగితం మీద మరో మాట

ప్రశ్న: మా కళాశాల వక్తృత్వ పోటీకి 'యుద్ధం – నాయకుల మాటలు' అన్న అంశం ఇచ్చారు. చదువుతూ పోతే ఒకే నాయకుడు సభలో ఒక తీరుగా, సొంత కాగితాలలో మరో తీరుగా కనిపిస్తున్నాడు. దేన్ని అతని అసలు అభిప్రాయంగా తీసుకోవాలి?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: ఏది అసలు అని తేల్చడం కంటే, ఆ మాట ఎవరి చెవికి చేరాలని అన్నారో చూడడం మేలని మా అభిప్రాయం. మీ జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతంలో రాయబారం ఘట్టం మీరు చూసే ఉంటారు. కౌరవ సభలో అందరూ వినేలా సంధి మాట్లాడిన కృష్ణుడే, తిరుగు ప్రయాణంలో కర్ణుణ్ణి రథం మీద కూర్చోబెట్టుకొని, నీవు కుంతి కొడుకువని ఒంటరిగా చెబుతాడు. రెండూ యుద్ధం తప్పించడానికి అన్న మాటలే, విన్నవారే వేరు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సేనాని ఐసెన్‌హోవర్ 1944 జూన్‌లో, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడికి ముందు, సంపూర్ణ విజయం తప్ప మరొకటి అంగీకరించబోమని సైనికులకు సందేశం పంపాడు. అదే సమయంలో, దాడి విఫలమైతే ప్రకటించడానికి ఒక చిన్న కాగితం మీద పెన్సిలుతో నాలుగు వాక్యాలు రాసి జేబులో పెట్టుకున్నాడు. అందులో మొదట 'దళాలు ఉపసంహరించబడ్డాయి' అనే అర్థంలో రాసి, దాన్ని కొట్టివేసి, 'దళాలను నేను వెనక్కి పిలిచాను' అని మార్చాడు. తప్పేదైనా ఉంటే అది నా ఒక్కడిదే అని ముగించాడు. 'చర్య తీసుకోబడును' అన్న ఆఫీసు కాగితాలకు అలవాటుపడ్డ మనకు ఆ కొట్టివేత విలువ ఇట్టే తెలుస్తుంది. ఆ కంగారులో తేదీ మాత్రం జూన్‌కు బదులు జులై అని వేశాడు.

కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. 1939 జులై 23న, యుద్ధాన్ని ఆపగలిగినవాడివి నీవొక్కడివే అని హిట్లర్‌కు లేఖ రాసిన గాంధీజీయే (బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని చేరనివ్వలేదు), 1918లో, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారి తరఫున పోరాడడానికి సైన్యంలో చేరమని గుజరాత్‌లోని ఖేడా పల్లెల్లో ప్రచారం చేశారు.

ఇక ఏం రాశారన్న దానితో పాటు ఎక్కడ రాయలేదో కూడా చూడాలి. కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని అశోకుడు 13వ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. అదే శాసనంలో అడవి జనాన్ని, పశ్చాత్తాపం ఉన్నా తన శక్తి తగ్గలేదని హెచ్చరించాడు కూడా. అయితే పలుచోట్ల చెక్కించిన ఈ శాసనం కళింగలోని (నేటి ఒడిశా) ధౌలి, జౌగడ రాళ్ల మీద మాత్రం లేదు. అక్కడ దానికి బదులు, ప్రజలందరూ నా బిడ్డలే అన్న వేరే శాసనాలు చెక్కించాడు. దెబ్బ తిన్నవారి ఎదుట ఆ లెక్క చెప్పడానికి వెనుకాడాడని మేము అనుకుంటాం. పాలకుడి జాగ్రత్త అనేవారూ ఉన్నారు. కళింగలో కనబడని ఆ శాసనం మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది.

పోటీలో మీకు ఐదు నిమిషాలే ఇస్తే గాంధీజీ ప్రస్తావన వదిలేయండి, ఐసెన్‌హోవర్ కొట్టివేసిన వాక్యంతో మొదలుపెట్టి ఎర్రగుడి దగ్గర ఆపండి.