ప్లేటు కోసే ముందు ఫోర్కు ఎటు కదులుతుందో చూడండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది టెక్సాస్‌లోని ప్లేనో. నా దగ్గర 1965 ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. 289 వి8 ఇంజన్, నాలుగు గేర్ల టాప్‌లోడర్ గేర్‌బాక్సు. హైవే ఎక్కితే ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. 1979–93 నాటి ఫాక్స్ బాడీ మస్టాంగ్‌ నుంచి తీసిన టి-5 అయిదు గేర్ల బాక్సు, క్లచ్‌ను కప్పే దాని బెల్ హౌసింగ్‌తో సహా దొరికింది. పెడల్‌ను క్లచ్‌కు రాడ్లతో కలిపే పాత జడ్-బార్ లింకేజీ ఎగ్జాస్ట్ హెడర్లకు తగులుతోంది కాబట్టి హైడ్రాలిక్ క్లచ్ పెడదామనుకుంటున్నాను. పెడల్ దగ్గర పెట్టే 3/4 అంగుళం మాస్టర్ సిలిండర్, క్లచ్ దగ్గర పెట్టే 7/8 అంగుళం స్లేవ్ సిలిండర్ కొన్నాను. స్లేవ్‌కు బ్రాకెట్ నేనే చేసుకోవచ్చా? ఎంత మందం ప్లేటు వాడాలి? మిగ్ వెల్డింగ్ వచ్చు.

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. మంచి బాక్సే దొరికింది మీకు. టాప్‌లోడర్‌లో నాలుగో గేరు 1:1 దగ్గర ఆగిపోతుంది. ఫాక్స్ బాడీ టి-5లో అయిదో గేరు 0.68. అంటే అదే వేగంలో ఇంజన్ చుట్లు మూడో వంతు దాకా తగ్గుతాయి. ఇక హైవే మీద పక్కవాళ్ల మాట వినబడుతుంది.

ప్లేటు మందం తర్వాత చూద్దాం. ముందు మీ ఫోర్కు, అంటే క్లచ్‌ను వదిలించే లివరు, ఎటు కదలాలో తేల్చుకోండి. మీ పాత బెల్ హౌసింగ్‌లో ఫోర్కు ఆనుకునే గుండు, క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగుకూ ఫోర్కు బయటి కొసకూ మధ్యలో ఉంటుంది. జడ్-బార్ రాడ్డు ఆ కొసను వెనక్కి తోస్తే లోపల బేరింగు ఇంజన్ వైపు వెళ్తుంది. ఫాక్స్ బాడీ హౌసింగ్‌లో ఆ గుండు బేరింగుకు అవతలి పక్కన ఉంటుంది. అక్కడ కొసా, బేరింగూ రెండూ ముందుకే కదులుతాయి. ఫోర్డ్ వాళ్లు దాన్ని కేబుల్‌తో ముందుకు లాగేలా పెట్టింది అందుకే. ఈ తేడా చూడకుండా పాత కారు ఫొటో చూసి బ్రాకెట్ చేస్తే, పెడల్ ఎంత తొక్కినా క్లచ్ వదలదు.

మీరు కొన్న స్లేవ్ తోసే రకమైతే దాన్ని ఫోర్కుకు వెనక, గేర్‌బాక్సు వైపు పెట్టి ముందుకు తోయించాలి. బ్రాకెట్‌ను గేర్‌బాక్సును హౌసింగ్‌కు బిగించే బోల్టుల్లో ఎడమవైపు రెండింటికి కట్టండి. ఇక్కడ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. ప్లేటు బోల్టు తల కిందకే రావాలి. గేర్‌బాక్సుకూ హౌసింగ్‌కూ మధ్యలోకి దూరకూడదు. దూరితే ఇన్‌పుట్ షాఫ్టు వరస తప్పి, క్లచ్ బాగుచేయబోయి బాక్సునే పోగొట్టుకుంటారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ప్లేటు మందం ఎంత పెరిగిందో బోల్టు కూడా అంత పొడవైనది వేయండి. ఆ మరలు అల్యూమినియంలో ఉంటాయి. బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు లోపలికి దిగకపోతే మర లేచిపోతుంది.

ఇప్పుడు బలం లెక్క. కాలితో 30 పౌండ్లు తొక్కారనుకుందాం. పెడల్ నిష్పత్తి 6:1 అయితే మాస్టర్ మీద 180 పౌండ్లు పడుతుంది. 3/4 అంగుళం పిస్టన్ వైశాల్యం 0.44 చదరపు అంగుళాలు. కాబట్టి పైపులో ఒత్తిడి దాదాపు 407 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అది 7/8 పిస్టన్ మీద పడితే 245 పౌండ్లు, మన లెక్కలో 111 కిలోలు. స్లేవ్ ఫోర్కును ఎంత బలంతో ముందుకు తోస్తుందో, మీ బ్రాకెట్‌ను కూడా అంతే బలంతో వెనక్కి తోస్తుంది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ.

అందుకని పావు అంగుళం మైల్డ్ స్టీలు ప్లేటు తీసుకోండి. వట్టి ‘ఎల్’ ఆకారం చాలదు. మూల దగ్గర తప్పకుండా వంగుతుంది. లోపలి మూలలో ఒక పక్కనైనా త్రికోణం గస్సెట్ (మూలకు బలమిచ్చే ముక్క) వేయండి, చోటుంటే రెండు పక్కలా వేయండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. మా మేస్త్రి చేతికి ప్లేటు ఇచ్చే ముందు అట్ట ముక్క ఇచ్చేవాడు. మీరూ అలాగే అట్టతో నమూనా కోసి, కారు కింద పెట్టి చూసి, పుష్ రాడ్ ఫోర్కు గుంటలోకి తిన్నగా వెళ్తోందని తేలాకే గ్రైండర్ పట్టండి. ఫోర్కు సగం దూరం కదిలినప్పుడు రాడ్డు దానికి లంబంగా, అంటే 90 డిగ్రీల కోణంలో ఉండాలి. ముందు టాకాలు (వెల్డింగ్ చుక్కలు) మాత్రం వేసి, బిగించి, మళ్లీ చూసి అప్పుడు పూర్తి వెల్డింగ్ చేయండి. వేడి ప్లేటు మీద నీళ్లు పోయకండి, దానంతటది చల్లారనివ్వండి.

స్లేవ్‌ను బిగించే రంధ్రాలు వేసే ముందు ఇంకో సంగతి. గాలి వదిలే బ్లీడర్ నిపుల్ సిలిండర్‌లో అన్నిటికంటే పైన ఉండాలి. చాలామంది దీన్ని మర్చిపోయి, నిపుల్ పక్కకో కిందికో తిరిగేలా బ్రాకెట్ చేసి, గాలి పోవట్లేదని మాస్టర్‌ను తిట్టుకుంటారు. సిలిండర్‌లో పైన మిగిలిన బుడగ ఎన్నిసార్లు పంపు కొట్టినా రాదు.

ఎంత దూరం కదులుతుందన్నది కూడా ముందే చూసుకోండి. మీ కొలతలకు మాస్టర్ ఒక అంగుళం కదిలితే స్లేవ్ 0.73 అంగుళం కదులుతుంది. ఇది మీ క్లచ్‌కు చాలుతుందా? బాక్సు ఎక్కించాక గేరులో పెట్టి, ఒకరు ఫోర్కును బార్‌తో తోస్తుంటే ఇంకొకరు వెనక షాఫ్టు చేత్తో తిప్పండి. ఎక్కడ తేలిగ్గా తిరగడం మొదలైందో స్కేలుతో కొలవండి. 0.73 చాలకపోతే 3/4 స్లేవ్ వేయండి. మాస్టర్ ఎంత కదిలితే అదీ అంతే కదులుతుంది, పెడల్ మాత్రం బరువెక్కుతుంది. మరీ ఎక్కువ కదిలినా ప్రమాదమే, స్లేవ్ పిస్టన్ బయటికొచ్చేస్తుంది. పెడల్‌కు ఒక స్టాపర్ బోల్టు పెట్టండి.

మీరు అడగలేదు గానీ, మాస్టర్ వైపు బ్రాకెట్ గురించే నాకు ఎక్కువ భయం. 1965 మస్టాంగ్ ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ సీట్లకూ మధ్య గోడ) పలుచటి రేకు. దానికి 180 పౌండ్లు పెడితే రేకు డొప్పలా ఊగుతుంది, ఆ ఊగిన దూరమంతా మీ పెడల్‌లో తగ్గిపోతుంది. రేకు వెనక 3/16 ప్లేటు పెట్టి, దాన్ని డ్యాష్ కింద ఉన్న పెడల్ సపోర్టుకు కలపండి. పెడల్‌కు పాత పెద్ద అసిస్ట్ స్ప్రింగ్ ఉంటే తీసేయండి. తేలికైన డయాఫ్రం క్లచ్‌తో అది పెడల్‌ను కిందే పట్టి ఉంచుతుంది.

అంతా అయ్యాక ఒకరిని పెడల్ తొక్కమని, మీరు స్టాండ్ల మీద ఉన్న కారు కిందికి వెళ్లి బ్రాకెట్ కొసకు డయల్ గేజి ఆనించి చూడండి. జాకీని నమ్ముకుని మాత్రం వెళ్లకండి. ముల్లు 1/32 అంగుళం దాటితే ఇంకో గస్సెట్ వేయాల్సిందే.

బేరింగులోనే సిలిండర్ ఉండే రకం కొనమని కొందరు చెబుతారు. బ్రాకెట్ గొడవ ఉండదు, నిజమే. లీకైతే మాత్రం మొత్తం గేర్‌బాక్సు దించాలి. బయటి స్లేవ్ అయితే రెండు బోల్టుల పని. నా ఓటు దీనికే.

ప్రశ్న: మా నాన్నగారి పాత కారు క్లచ్ డబ్బాలో ఎవరో పవర్ స్టీరింగ్ ఆయిల్ పోశారు. ఇప్పుడు పెడల్ పైకి రావట్లేదు. ఆయిల్ మారిస్తే సరిపోతుందా? – గుంటూరు పాఠకురాలు

జవాబు: సరిపోదమ్మా. క్లచ్‌లో పోసేది బ్రేక్ ఆయిలే, దానికి తట్టుకునే రబ్బరు వేరు. ఆ రబ్బరుకు పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటి మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బి, సిలిండర్‌లో పట్టేసుకుంటుంది. మాస్టర్, స్లేవ్ రెండింటి రబ్బర్ కిట్లూ మార్పించండి. రబ్బరు గొట్టం కూడా కొత్తది వేయించి, పైపులు శుభ్రంగా కడిగించి, డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్త డబ్బా విప్పి పోయించండి. ఎప్పుడో మూత తీసి ఉంచిన డబ్బా వద్దు, ఆ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కారు రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయమనండి.