రిసీవర్ ముందా, లైన్‌మన్ ముందా?

ప్రశ్న: అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతిని విసిరి ఆడడమే ప్రధానమైపోయింది కదా. అలాంటప్పుడు డ్రాఫ్ట్‌లో తొలి వంతుల్లోనే, విసిరిన బంతిని అందుకునే మంచి రిసీవర్‌ను తీసుకోవాలని నేను అంటున్నాను. విసిరేవాణ్ని కాపాడే లైన్‌మన్ లేకుంటే రిసీవర్ ఉండి ఏం లాభమని మా చిన్నాయన అంటున్నారు. ఎవరి మాట సరైనది?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: అనంతపురంలో ఫుట్‌బాల్ అనగానే ఆర్డీటీ మైదానాల్లో పిల్లలు కాలితో ఆడే ఆటే గుర్తుకు వస్తుంది. మీరు అడిగింది కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, చంకన పెట్టుకుని పరుగెత్తి ఆడే ఆట గురించి అని మిగతా పాఠకుల కోసం ముందే చెబుతున్నాను. అక్కడి డ్రాఫ్ట్ మన ఐపీఎల్ వేలంలాంటిది కాదు. 32 జట్లు 7 రౌండ్లలో వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి, కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు దక్కుతుంది. డబ్బు ఎంత ఉన్నా వంతు ఒక్కటే కాబట్టి, ఒకరిని తీసుకోవడమంటే మరొకరిని వదులుకోవడమే.

ఆట పాసుల వైపు మొగ్గడానికి పునాది 1978లో పడింది. బంతి అందుకోవడానికి పరుగెత్తే రిసీవర్‌ను తొలి 5 గజాలు దాటాక ప్రత్యర్థి తోయకూడదని ఆ ఏడాది నిబంధన తెచ్చారు. అడ్డు నిలిచే లైన్‌మన్ చేతులు చాచి, అరచేతులు తెరిచి ఎదుటివాణ్ని ఆపవచ్చని కూడా అప్పుడే అనుమతించారు. అంటే రిసీవర్‌కు దారి తెరిచిన ఏడాదే లైన్‌మన్‌కు బలమూ ఇచ్చారు. మీరు, మీ చిన్నాయన వాదించుకుంటున్న రెండు స్థానాలూ ఒకే మార్పుతో విలువ పెంచుకున్నవి.

ఈ వాదన సరిగ్గా ఇదే రూపంలో 2021లో సిన్సినాటి జట్టు ముందుకు వచ్చింది. ఆ జట్టు 2020లో మొట్టమొదటి వంతుతో తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతిని విసిరేవాడు) జో బరో తొలి సీజన్‌లోనే మోకాలి గాయంతో ఆటకు దూరమయ్యాడు. మరుసటి డ్రాఫ్ట్‌లో 5వ వంతు చేతికి వచ్చేసరికి ఒకవైపు రిసీవర్ జమార్ ఛేజ్, మరోవైపు టాకిల్ (వరుస అంచున కాపు కాసే లైన్‌మన్) పెనై సూయెల్ ఇంకా మిగిలే ఉన్నారు. మోకాలు దెబ్బతిన్న వాడికి ముందు కాపలా పెట్టాలి గదా అని నాలాంటివారు చాలామంది అనుకున్నాము. జట్టు ఛేజ్‌ను తీసుకుంది, సూయెల్ 7వ వంతులో డెట్రాయిట్‌కు వెళ్లాడు.

ఛేజ్ తొలి ఏడాదే పాసులు అందుకుని 1,455 గజాలు సాధించి జట్టును లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా తీసుకుపోవడంలో పెద్ద పాత్ర పోషించాడు. అదే సీజన్‌లో బరో లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా, 51 సార్లు, బంతి చేతిలో ఉండగానే నేలకూలాడు. టెనసీతో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కదానిలోనే 9 సార్లు పడి కూడా గెలిపించాడు. మన గడియారం ప్రకారం 2022 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున 5 గంటలకు మొదలైన ఫైనల్‌లో లాస్ ఏంజెలిస్ చేతిలో 23-20తో ఓడారు. ఆ మ్యాచ్‌లో చివరి నిమిషంలోని ఒక్క ఆటను మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని చూడాలని నా కోరిక. ఆఖరిదైన నాలుగో ప్రయత్నంలో బంతిని ఇంకా ఒక్క గజం ముందుకు తీసుకుపోవాలి. కుడివైపు, ఎడమవైపు కాకుండా మైదానం మొత్తాన్ని ఒకేసారి చూపించే కెమెరాలో గమనిస్తే, ఛేజ్ తనను కాపు కాస్తున్న వాణ్ని దాటేసి ముందుకు దూసుకుపోతున్నాడు. బంతి అతని వైపు వెళ్లలేదు, ఎందుకంటే లాస్ ఏంజెలిస్ ఆటగాడు ఆరన్ డొనాల్డ్ అప్పటికే బరోను పట్టి తిప్పేశాడు. బంతి ఎవరికీ అందకుండా నేలపాలైంది.

దీన్నిబట్టి మీ చిన్నాయనే గెలిచారని వెంటనే తీర్పు చెప్పలేను. డొనాల్డ్ వచ్చింది వరుస లోపలి నుంచి, సూయెల్ కాపు కాసేది అంచున. ఆ లోపలి స్థానాలను తర్వాతి నెలలోనే సిన్సినాటి డబ్బు పెట్టి, వేరే జట్ల నుంచి లైన్‌మన్‌లను తెచ్చి సరిదిద్దుకుంది. ఛేజ్ వంటివాడు అలా దొరకడు. అందుకే ఆనాటి నా అభిప్రాయం మార్చుకున్నాను: డబ్బుతో తర్వాత తెచ్చుకోలేని మనిషిని డ్రాఫ్ట్‌లో తీసుకోవాలి. అయితే ఒక మాట, సూయెల్ కూడా ఈ రోజు లీగ్‌లోని మేటి టాకిల్స్‌లో ఒకడు. అతన్ని తీసుకున్న డెట్రాయిట్ ఒక్కరోజు కూడా చింతించి ఉండదు.

ప్రశ్న: బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లకు ఇక డ్రాఫ్ట్‌లో విలువ లేనట్టేనా?
– ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: విలువ లేదనడం అన్యాయం, వంతు వెనక్కు జరిగిందనడం నిజం. 1963 తర్వాత మొదటిసారిగా 2013లో తొలి రౌండ్‌లో ఒక్క రన్నింగ్ బ్యాక్‌ను కూడా ఎవరూ తీసుకోలేదు. 2014లోనూ, 2024లోనూ అంతే. పరుగెత్తేవాడి ఒళ్లు త్వరగా అరిగిపోతుంది, రెండో మూడో రౌండ్‌లో కూడా పనికొచ్చేవాడు దొరుకుతాడు, అందుకని జట్లు వెనకాడుతున్నాయి.

సాక్వాన్ బార్క్లీ సంగతి చూడండి. న్యూయార్క్ జెయింట్స్ 2018లో 2వ వంతు ఖర్చు చేసి తెచ్చుకున్నారు. అతని ప్రతిభలో ఏ లోటూ లేదు, కానీ ఆరేళ్లలో ఆ జట్టు ప్లేఆఫ్స్‌కు చేరింది ఒక్కసారే. 2024లో ఫిలడెల్ఫియాకు మారిన వెంటనే అదే మనిషి 2,005 గజాలు పరుగెత్తాడు. తేడా అతని ముందు నిలబడిన వరుసలో ఉంది. ఆ వరుసలో ఒక అంచున 2013లో 4వ వంతుతో తీసుకున్న లేన్ జాన్సన్ ఉంటే, రెండో అంచున జోర్డన్ మైలాటా ఉన్నాడు. మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుకునే కుర్రాడు, ఈ ఆట ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2018లో ఆఖరి రౌండ్‌లో ఎంపికయ్యాడు. ముందు వరుసను కట్టుకుని, తర్వాత పరుగెత్తేవాణ్ని తెచ్చుకోవడమే సరైన క్రమమని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: అందరూ పాసులే ఆడుతుంటే వాటిని ఆపేవారికి డ్రాఫ్ట్‌లో ప్రాధాన్యం పెరగాలి గదా?
– ఆదోని నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పెరిగిందమ్మా. ఫిలడెల్ఫియా 2024 డ్రాఫ్ట్‌లో తొలి రెండు ఎంపికలనూ రిసీవర్లను కాపు కాసే కార్నర్‌బ్యాక్‌లకే ఇచ్చింది: 22వ వంతులో క్విన్యాన్ మిచెల్, 40వ వంతులో కూపర్ డిజీన్. ఆ సీజన్ సూపర్ బౌల్‌లో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ మీదికి అదనంగా ఒక్క మనిషిని కూడా పంపకుండా, ముందు వరుసలోని వారితోనే 6 సార్లు నేలకూల్చారు. అలా మిగిలిన మనుషులంతా వెనక రిసీవర్లను కాపు కాశారు. మహోమ్స్ విసిరిన ఒక బంతిని డిజీన్ మధ్యలోనే అందుకుని, నేరుగా గీత దాకా పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు అతనికి సరిగ్గా 22 ఏళ్లు నిండాయి.