98.5 పర్సంటైల్‌కి వరంగల్ ఎన్‌ఐటీలో సీఎస్‌ఈ వస్తుందా?

మీ అబ్బాయికి జేఈఈ మెయిన్‌లో 98.5 వచ్చిందని, ఓబీసీ అని, ఊరు గుంటూరైనా ఇంటర్ హైదరాబాద్‌లో చదివాడని రాశారు.

ముందు పర్సంటైల్‌ని ర్యాంకుగా మార్చి చూడండి. 2025లో సుమారు 14.75 లక్షల మంది రాశారు. అందులో మీవాడి కంటే పైన ఉన్నది 1.5 శాతం, అంటే దాదాపు 22,000 మంది. ఆ ర్యాంకుకి వరంగల్‌లో సీఎస్‌ఈ మీద ఆశ పెట్టుకోవద్దండీ, ఓబీసీ కోటాలో కూడా. మిగతా బ్రాంచీలు మాత్రం తప్పకుండా చూడాలి.

చాలామంది పొరపడేది హోమ్ స్టేట్ (ఎన్‌ఐటీ ఉన్న రాష్ట్రం వాళ్లకు ఉండే కోటా) దగ్గర. సొంతూరు ఏదన్నది లెక్కలోకి రాదు, ఇంటర్ ఎక్కడ పాసయ్యాడన్నదే చూస్తారు. కాబట్టి మీవాడికి వరంగల్ హోమ్ స్టేట్, తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీ అదర్ స్టేట్ (బయటి రాష్ట్రాల కోటా).

ఎన్‌ఐటీ సీట్లకు కౌన్సెలింగ్ జరిపే జోసా సైట్‌లో గత రెండు మూడేళ్ల చివరి రౌండ్ క్లోజింగ్ ర్యాంకులు (సీటు వచ్చిన ఆఖరి ర్యాంకులు) తీయండి. ఓబీసీ వరుసలో ఉండేది కేటగిరీ ర్యాంకు, అంటే ఓబీసీల్లో మాత్రమే లెక్కేసిన ర్యాంకు. దాన్ని 22,000తో పోల్చకండి, స్కోర్‌కార్డులో ఉన్న ఓబీసీ ర్యాంకుతోనే పోల్చాలి. అబ్బాయి కనుక జెండర్ న్యూట్రల్ (అందరికీ తెరిచి ఉన్న సీట్ల) వరుసే చూడండి.

సర్టిఫికెట్ విషయం ఇప్పుడే తేల్చుకోండి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. నాన్ క్రీమీలేయర్ పత్రం (ఓబీసీల్లో సంపన్న శ్రేణి కాదని చెప్పేది) కూడా అడ్మిషన్ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే కావాలి. ఇంటర్‌లో 75 శాతం, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ ఉందో లేదో కూడా చూసుకోండి.

కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచీ ఆప్షన్లు ఇష్టం ఉన్న వరుసలోనే పెట్టండి. రాని సీటు పైన పెట్టినంత మాత్రాన కింది సీటు పోదు.