ఈసీజీలో ‘బ్లాక్’ అని వస్తే స్టెంట్ వేయించుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 64. బీపీకి మాత్రలు వాడుతున్నారు. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఈసీజీ తీస్తే ‘రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’ అని వచ్చింది. ఛాతీ నొప్పి, ఆయాసం లేవు. రోజూ పొలానికి వెళ్లొస్తారు. గుండెలో బ్లాక్ ఉందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. యాంజియోగ్రామ్ చేయించాలా? కంటి ఆపరేషన్ వాయిదా వేయాలా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందుగా ధైర్యంగా ఉండండి. స్టెంట్ వేసే బ్లాక్ వేరు, మీ నాన్నగారి రిపోర్టులో ఉన్న బ్లాక్ వేరు. మొదటిది గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకోవడం. రెండోది గుండెలోని కరెంటు దారికి సంబంధించింది. ఇంట్లో నీళ్ల పైపు పూడుకుపోవడానికి, ఒక గదికి వెళ్లే వైరు పనిచేయకపోవడానికి ఎంత తేడా ఉందో వీటికీ అంతే.

గుండె కుడి పై గదిలో సైనస్ నోడ్ అనే కణాల ముద్ద ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు సంకేతం పుట్టేది అక్కడే. అది పై గదులంతా పాకి, పై, కింది గదుల మధ్య ఉండే ‘ఏవీ నోడ్’ దగ్గర సెకనులో సుమారు పదో వంతు ఆగుతుంది. పై గదుల్లోని రక్తం కింది గదుల్లోకి పూర్తిగా దిగేది ఆ కాస్త సమయంలోనే. తర్వాత సంకేతం ‘హిస్ బండిల్’ అనే తీగలాంటి దారి గుండా దిగి కుడి, ఎడమ కొమ్మలుగా చీలుతుంది. మీ నాన్నగారికి కుడి కొమ్మలో అది సాగడం లేదు. అయినా కుడివైపు గది కొట్టుకోవడం మానదు. ఎడమవైపు నుంచి కండరం గుండా సంకేతం నెమ్మదిగా పాకి వచ్చి దాన్ని కదిలిస్తుంది. కాస్త ఆలస్యం, అంతే.

ఆ ఆలస్యాన్ని మీరే చూడొచ్చు. ఈసీజీ కాగితం తీసి ‘వీ1’ అని రాసి ఉన్నచోట చూడండి. మొదట వచ్చే చిన్న గుబ్బ ‘పీ’, అది పై గదులది. ఆ తర్వాత నిటారుగా ఉండే గీతలు ‘క్యూఆర్‌ఎస్’, కింది గదులవి. సాధారణ వేగంతో తీసిన కాగితంపై ఒక్కో చిన్న గడి 0.04 సెకను. క్యూఆర్‌ఎస్ మామూలుగా మూడు చిన్న గడుల లోపే ముగుస్తుంది. ఈ బ్లాక్ పూర్తిగా ఉన్నప్పుడు మూడు గడులు, అంతకుమించి సాగుతుంది. చాలామందిలో కుందేలు చెవుల్లా రెండు మొనలు కనిపిస్తాయి.

ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ ఇది కనిపిస్తుంది, వయసుతో పాటు పెరుగుతుంది. కొందరిలో ఊపిరితిత్తుల జబ్బు, పుట్టుకతో పై గదుల మధ్య ఉన్న రంధ్రం, గుండె కండరం దెబ్బతినడం కారణం కావొచ్చు. బీపీ కూడా ఉంది కాబట్టి ఒకసారి 2డీ ఎకో (గుండె స్కాన్) చేయించి, పాత ఈసీజీ ఏదైనా ఉంటే దాంతో పోల్చి చూపించండి. ఎకో బాగుంటే, లక్షణాలేవీ లేకపోతే ఈ ఒక్క కారణంతో యాంజియోగ్రామ్, స్టెంట్, పేస్‌మేకర్ అక్కర్లేదు. శుక్లాల ఆపరేషన్ సాధారణంగా కంటికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. దానికి ఇది అడ్డు కాదు. ఎడమ కొమ్మ బ్లాక్ అని రాసి ఉంటే నేను ఇంకాస్త లోతుగా పరీక్షలు చేయించమనేవాణ్ని.

బీపీ మాత్రల పేరు మాత్రం చూడండి. అటెనొలాల్, మెటొప్రొలాల్, డిల్టియాజెమ్ లాంటివి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. కంటి ఒత్తిడికి వేసే టిమొలాల్ చుక్కలు కూడా అంతే. వాడుతుంటే సొంతంగా మానేయకండి, డాక్టర్‌కు చెప్పండి.

ఇంకో ముఖ్యమైన మాట. పొలంలో ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా, ఉన్నట్టుండి కళ్లముందు చీకటి కమ్మిందా అని ఆయన్ని విడిగా కూర్చోబెట్టి అడగండి. ఎండకు తిరిగిందిలే అని ఇంట్లో చెప్పకుండా ఊరుకునే పెద్దవాళ్లను నేను రోజూ చూస్తుంటాను. వెంట పనిచేసేవాళ్లనూ అడగండి. అలా ఒక్కసారి జరిగి ఉన్నా కంటి ఆపరేషన్ తేదీ ఆపి, వెంటనే కార్డియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.