మీ మేనేజర్ ఇంటిపేరు రామ్స్‌బాటమ్ అయితే నవ్వకండి

మాంచెస్టర్ వైపు కొత్తగా వస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ముందే చెప్తున్నా, ఇక్కడ రామ్స్‌బాటమ్, హిగిన్‌బాటమ్, షఫుల్‌బాటమ్ లాంటి ఇంటిపేర్లు తగుల్తాయి, నవ్వొస్తుంది, ఆపుకోండి. నేను ఆపుకోలేకపోయా. చేరిన మొదటి వారమే మీటింగ్‌లో పేర్లు చదువుతూ రామ్స్‌బాటమ్ దగ్గర కిసుక్కుమన్నా, ఆయన పాపం ఏమీ అన్లేదు, "శనివారం ఖాళీయేనా, ఆ ఊరు చూపిస్తా" అన్నాడంతే.

నిజంగానే ఊరు అది. మాంచెస్టర్ దగ్గరున్న బరీ అనే పట్నానికి ఉత్తరాన, ఇర్వెల్ నది ఒడ్డున, బరీ నుంచి పాతకాలం ఆవిరి రైలెక్కి పోవచ్చు. బాటమ్ అంటే మనం అనుకునే పిర్రలు కాదు, పాత ఇంగ్లీషులో లోయ అడుగున ఉండే పల్లం. ముందున్న రామ్స్‌కి పొట్టేలని కొందరు, అడవి వెల్లుల్లి అని కొందరు అర్థం చెప్తారు. నా ఓటు వెల్లుల్లికే, ఎందుకంటే మేం వెళ్లింది ఏప్రిల్ ఆఖర్లో, ఏటి పక్క చెట్ల కింద అంతా వెడల్పాటి ఆకులు, తెల్లటి పూలు, ఒక ఆకు తెంపి నలిపితే అచ్చం మన పోపు వాసన!

అసలు సంగతేంటంటే ఊళ్లోనే ఉన్నవాణ్ణి ఎవరూ ఊరి పేరుతో పిలవరు కదా, అందరిదీ అదే ఊరాయె. ఊరు వదిలి వేరేచోటికి పోతేనే "ఫలానా ఊరోడు" అవుతాడు, అట్లా అతుక్కున్న పేర్లే చాలావరకు ఇవి. భూస్వాములది వేరే లెక్క, ఏ ఊరు చేతికొస్తే ఆ పేరు పెట్టుకునేవాళ్లు. 12వ శతాబ్దంలో విలియం డి హార్ట్‌బర్న్ (అంటే హార్ట్‌బర్న్ ఊరి విలియం) అనే ఆయన ఈశాన్య ఇంగ్లాండ్‌లో వాషింగ్టన్ ఊరు తీసుకుని పేరు కూడా మార్చేసుకున్నాడు, జార్జ్ వాషింగ్టన్ ఆ వంశమే. ఆ "టన్" అంటే మొదట్లో కంచె వేసిన పొలమూ ఇల్లూ, తర్వాత ఊరు. "లీ" అంటే అడవి కొట్టి చదును చేసిన చోటు, "హామ్" అంటే నివాసం, మన పల్లి, పాడు, ఊరు లాగానే.

(స్పెల్లింగ్ చూసి పలకొద్దు. చెషైర్‌లో ఒక ఊరుంది, చోల్మండెలీ అని రాసి చమ్లీ అంటారు, ఇంటిపేరూ అంతే. ముందు అడిగేయండి, ఎవరూ ఏమనుకోరు.)

మా ఇంటిపేరు వింజమూరి. తిరుగు రైల్లో ఆయనకి చెప్పా, వింజమూరు ఊరండీ, చివర "రి" అంటే ఆ ఊరికి చెందినవాళ్లని, మీ వాళ్ల "డి" చేసే పని మాకు అదే చేస్తుంది, కాకపోతే మీరు దాన్ని వదిలేశారు, మేం ఉంచుకున్నాం అని. ఆయనకి తెగ నచ్చేసింది. "మరి మీవాళ్లు ఆ ఊరు ఎప్పుడు వదిలారు?" అన్నాడు. నోట మాట రాలేదు. ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేస్తే, ఆయనా కాసేపు ఆలోచించి, పెదనాన్నని అడుగుతా ఉండు అన్నారు.